అరుదైన కారు మోడల్‌కు యజమానుల క్లబ్బు పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలి బానెట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం.

నేను నడుపుతున్న కారు తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. కొత్తగా వచ్చిన రోజుల్లోనే అది పెద్దగా అమ్ముడుపోలేదు. కంపెనీ కొద్దికాలం తయారుచేసి, ఆ తరువాత దాని ఊసే ఎత్తకుండా వదిలేసింది. మోడల్ పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఒక్కటే. పేరు కనబడగానే, ఏ షెడ్డులోనో దుమ్ము కొట్టుకుపోతున్న కారుకు దాని యజమాని రాత్రికి రాత్రి ధర పెంచేస్తాడని నా అనుమానం. ఇది అతి జాగ్రత్త అనిపిస్తే మన్నించండి.

ఈ మోడల్ ఉన్నవారిలో నాకు తెలిసినవారు పది మందికి మించరు. ప్రస్తుతం అందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం గాని, అందులో శుభోదయాలు ఎక్కువ, కారు ముచ్చట్లు తక్కువ. ఎవరైనా ఒక పార్టు గురించి అడిగితే సమాధానం వస్తుంది. వారం తిరిగేసరికి ఆ సమాధానం ఎక్కడో పైన కూరుకుపోతుంది, మరొకరు వచ్చి అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. దీన్నొక పద్ధతిగల యజమానుల క్లబ్బుగా మార్చాలని నాకూ, మరో ఇద్దరికీ ఉంది.

మొదట అందరం ఒకచోట కలిసి కార్లు ప్రదర్శించడం మంచిదా, లేక సభ్యత్వ రుసుము పెట్టి క్లబ్బును చట్టప్రకారం నమోదు చేయించడం మంచిదా? మిగిలిన యజమానులను వెతికి పట్టుకునే దారి ఏమిటి? అసలు ఇంత తక్కువమందితో క్లబ్బు నిలబడుతుందా? ఇటువంటి పని చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఛాసిస్ ప్లేటు

నీలి బానెట్ గారికి,

అరుదైన మోడల్‌కు క్లబ్బు పెట్టేవారు మొదట చేయవలసిన పని రిజిస్టరు తెరవడం. వేల సంఖ్యలో తిరుగుతున్న మోడల్ అయితే ఒక మైదానం చూసి తేదీ ప్రకటిస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. మీ విషయంలో నాలుగు కార్లు బయలుదేరి మూడు చేరతాయి, ఒకటి దారిలో ఆగిపోతుంది, ఆ ఆగిపోయిన కారు యజమాని మరుసటి ఏడాది రాడు. కలవవద్దని నేను అనడం లేదు. కలుసుకోవడానికి ముందు ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎన్ని కార్లు బతికున్నాయో తెలిసి ఉండాలని మాత్రం అంటున్నాను.

రిజిస్టరులో ఒక్కొక్క పుట ఒక్కొక్క కారుకు కేటాయించండి, యజమానికి కాదు. యజమానులు మారుతూనే ఉంటారు గనుక, మనుషుల పేర్ల మీద కట్టిన జాబితా అయిదేళ్లలో పనికిరాకుండా పోతుంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఫ్యాక్టరీ ప్లేటు మీద ఉన్న రంగు కోడు, లోపలి అప్హోల్స్టరీ కోడు, కారు ఇప్పుడు నడుస్తోందా, నిలిపి ఉందా, విప్పేసి ఉందా, తుక్కుకు వెళ్లిందా అన్న వివరం, చివరిసారి చూసిన తేదీ, వీటితోపాటు ఆ సమాచారానికి ఆధారం ఏమిటన్నది తప్పక రాసుకోండి. ఆధారం అన్న గడినే చాలామంది వదిలేస్తారు. కళ్లారా చూసి రాసుకున్న నంబరుకూ, ఎవరో ఫోనులో చదివి చెప్పిన నంబరుకూ, పాత ప్రకటనలోని ఫొటో నుంచి తీసుకున్న నంబరుకూ మధ్య ఉన్న తేడా పదేళ్ల తరువాత ఎవరికీ గుర్తుండదు. 1981 మోడల్ సంవత్సరం నుంచి అమెరికాలో తప్పనిసరి అయిన 17 అక్షరాల గుర్తింపు సంఖ్యలో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలను వాడరు. ఒకటితోనూ సున్నాతోనూ పొరపడకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. అంతకు ముందు కాలపు ప్లేట్లకు అటువంటి కట్టుబాటు ఏదీ లేదు కాబట్టి, ఫొటో చూసి రాసుకున్న ప్రతి నంబరునూ అనుమానంగానే చూడాలి.

తుక్కుకు వెళ్లిపోయిన కార్లను కూడా నమోదు చేయండి. ఒక నంబరు పోయిందని రాసి ఉంటే, రేపు అదే నంబరుతో ఎవరైనా కారు అమ్మజూపినప్పుడు కొనేవారు ముందుగానే జాగ్రత్తపడతారు.

ఇంకొక ఉపయోగం కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ ఎన్ని ట్యాంకులు తయారుచేస్తోందో తెలుసుకోవడానికి మిత్రపక్షాల గణాంక నిపుణులు పట్టుబడ్డ ట్యాంకుల విడిభాగాల మీది వరుస సంఖ్యలను ఆధారంగా తీసుకున్నారు. 1942 ఆగస్టు నెలకు గూఢచారి నివేదికలు 1,550 ట్యాంకులని చెబితే, వరుస సంఖ్యల లెక్క 327 అని తేల్చింది. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో కనబడినది 342. అదే లెక్క మనకూ పనికివస్తుంది. మీకు దొరికిన నంబర్లలో అన్నిటికంటే పెద్దదాన్ని, దొరికిన నంబర్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఆ పెద్ద నంబరుకే కలిపి, ఒకటి తీసివేయండి. పది నంబర్లు దొరికి వాటిలో పెద్దది 240 అయితే, మొత్తం సుమారు 263 కార్లు తయారై ఉంటాయని అంచనా వస్తుంది. అయితే వరుస ఒకటితోనే మొదలైందని మాత్రం అనుకోకండి. 1948 నాటి టక్కర్ 48 అనే అమెరికన్ కారునే చూడండి, దాని ఉత్పత్తి కార్ల నంబర్లు 1001 నుంచి 1050 దాకా ఉంటాయి. అక్కడ 1050 చూసి వెయ్యికి పైగా కార్లు తయారయ్యాయని లెక్క కడితే నవ్వులపాలవుతాం. ఒకే వరుసలో రెండు మూడు మోడళ్లకు నంబర్లు పంచిన కంపెనీలూ ఉన్నాయి. ముందు మీ కంపెనీ పద్ధతి ఏమిటో చూసుకుని, ఆ తరువాత లెక్కకు కూర్చోండి.

ఇక యజమానులను వెతకడం. యజమాని ఇంటర్నెట్‌కు రాకపోవచ్చు గాని, కారు కొన్ని చోట్లకు వెళ్లక తప్పదు. రేడియేటర్ బాగుచేసేవారు, కార్బురేటర్ పని తెలిసిన పాత మెకానిక్కులు, సీట్లు కుట్టేవారు, కారు అద్దాలు బిగించేవారు, పాత వాహనాలకు బీమా ఇచ్చే ఏజెంట్లు, వీరిలో ఎవరో ఒకరి కంట మీ మోడల్ తప్పక పడి ఉంటుంది. వారిని యజమాని ఫోన్ నంబరు అడగవద్దు. అది వారికీ ఇబ్బంది, యజమానికీ అనుమానం. మీ వివరాలున్న కార్డు ఇచ్చి, ఈసారి ఆ కారు వచ్చినప్పుడు అందజేయమని కోరండి. రోడ్డు పక్కన నిలిపి ఉన్న కారు కనబడితే వైపరు కింద చిన్న ఉత్తరం పెట్టండి. అందులో కారు అమ్ముతారా అని మాత్రం రాయకండి. అలాంటి ఉత్తరాలు వారికి ఇప్పటికే విసుగెత్తేటన్ని వచ్చి ఉంటాయి.

చివరగా, రిజిస్టరు మొత్తాన్ని ఎన్నడూ బహిరంగపరచవద్దు. అరుదైన కార్ల చిరునామాలు ఒకచోట పోగుచేసిన కాగితం దొంగకు దొరికిన తాళంచెవి వంటిది. అందరికీ కనబడే జాబితాలో నంబరులోని కొన్ని అంకెలు, కారు రంగు, ప్రస్తుత స్థితి ఉంటే చాలు. పేర్లు, చిరునామాలు రిజిస్ట్రారు దగ్గరా (అంటే క్లబ్బులో రిజిస్టరు చూసుకునే వ్యక్తి దగ్గరా), మరొక నమ్మకస్తుడి దగ్గరా మాత్రమే ఉండాలి. ఫోన్లతో తీసిన ఫొటోల్లో తీసిన చోటు వివరం దాగి ఉంటుంది కాబట్టి, ప్రచురించే ముందు దాన్ని తొలగించండి. వివరాలు ఇచ్చినవారు ఎప్పుడు కోరితే అప్పుడు వాటిని తీసివేస్తామని మొదటి ఉత్తరంలోనే రాతపూర్వకంగా చెప్పండి.

మధ్యేమార్గం

పైవారు చెప్పిన రిజిస్టరు విషయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ప్రత్యేక క్లబ్బు కావాలా అన్న ప్రశ్నను ఎవరూ అడగలేదు కనుక నేను అడుగుతున్నాను. ఆ కంపెనీ కార్లన్నిటికీ కలిపి ఇప్పటికే ఒక క్లబ్బు ఉంటే, దాని నీడలో ఒక విభాగంగా ఉండడం పది మందికి చాలా తేలిక. జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు 1966 నుంచి 1971 వరకు మొత్తం 320 మాత్రమే తయారైంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందించే ఏర్పాటు, డన్‌లప్ మాక్సారెట్ యాంటీ లాక్ బ్రేకులు ఆ కాలంలోనే ఉన్న కారు అది. అంతటి విశిష్టమైన కారు యజమానులకు కూడా అన్ని జెన్సెన్ మోడళ్లకూ కలిపి ఉన్న జెన్సెన్ ఓనర్స్ క్లబ్బులోనే చోటుంది. పత్రిక ముద్రించడం, బీమా కంపెనీతో మాట్లాడడం, లెక్కలు తనిఖీ చేయించడం వంటి పనులు పది మంది పది వేల మందిలాగే చేయాలి. పని తగ్గదు, చేసేవారే తగ్గుతారు.

పెద్ద క్లబ్బులో చేరేటప్పుడు ఒక్క షరతు పెట్టుకోండి. మీ మోడల్‌కు ప్రత్యేక రిజిస్ట్రారు ఉండాలి, ఆ రిజిస్టరు మీ విభాగానికే చెందాలి. లేకపోతే ఎక్కువమంది దగ్గర ఉన్న మోడళ్ల గొడవలో మీ మాట ఎవరికీ వినబడదు.

స్పానర్

నా అనుభవమంతా విడిభాగాల వైపు కనుక దాని గురించే రాస్తాను. పార్టులు దొరికే క్లబ్బును జనం వదలరు. మిగతావన్నీ ఎంత బాగున్నా, కారు నిలిచిపోయిన మనిషి రెండేళ్లలో అమ్మేసి వెళ్లిపోతాడు.

మొదట ఒక పట్టిక తయారుచేయండి. మీ కారులోని ఏ భాగం మరే కారులోనైనా వాడారో, ఏ భాగం మీ కారుకు మాత్రమే ప్రత్యేకమో విడదీయండి. పైన ప్రస్తావించిన జెన్సెన్ ఎఫ్ఎఫ్‌నే తీసుకుంటే, దాని ఇంజిన్ క్రైస్లర్ వారి వీ8 కాబట్టి ఇంజిన్ సామాను ఇప్పటికీ పెద్ద సమస్య కాదు. కానీ చూడడానికి అన్నదమ్ముల్లా ఉండే, అదే కంపెనీ ఇంటర్‌సెప్టర్ కంటే ఎఫ్ఎఫ్ ముందుభాగం పొడవు. ఆ కారణంగా ముందు రెక్కలు, అంటే ముందు చక్రాల మీది రేకులు, ఒకదానివి మరొకదానికి అమరవు. మీ కారులోనూ ఇటువంటివి ఉంటాయి. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేకు కిట్లు, డిస్ట్రిబ్యూటర్ మూతలు తరచుగా ఏదో ఒక విడిభాగాల కంపెనీ అందరికీ సరఫరా చేసినవే అయి ఉంటాయి. కారు కంపెనీ వేసుకున్న పార్టు నంబరు వెనుక ఆ సరఫరాదారు నంబరు ఏమిటో తేల్చి సభ్యులకు అందించడమే క్లబ్బు చేయగల మొదటి పెద్ద మేలు. దీనికి పైసా ఖర్చు లేదు, ఓపిక ఉంటే చాలు.

ఏది పోతే కారు శాశ్వతంగా నిలిచిపోతుందో సభ్యులను అడగండి. చాలామంది ఇంజిన్ గురించి బెంగపడతారు గాని, ఇంజిన్ భాగాన్ని మంచి లేత్ మీద చేయించుకోవచ్చు. వంపు తిరిగిన ముందు అద్దం, వెనుక లైట్ల ప్లాస్టిక్ మూతలు, తలుపుల రబ్బరు బీడింగులు, ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్, ఇవే అసలైన గండాలు. వీటిని అచ్చు పోయించి తయారు చేయించాలంటే అచ్చు ఖర్చే ఎక్కువ. ఒక్కటి చేయించినా వంద చేయించినా ఆ ఖర్చు మారదు. కాబట్టి నోటిమాటగా చేతులెత్తినవారి సంఖ్యను నమ్మి అచ్చు ఆర్డరు ఇవ్వవద్దు. బయానా చెల్లించినవారి సంఖ్యను మాత్రమే లెక్కించండి. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. అచ్చు క్లబ్బు ఆస్తి అని, అది తయారీదారు దగ్గర భద్రంగా ఉంటుందని, క్లబ్బు అనుమతి లేకుండా దానితో మరొకరికి తయారుచేయరాదని కాగితం మీద రాయించుకోండి.

రబ్బరు భాగాల గురించి ఒక హెచ్చరిక. పాత బీడింగును నమూనాగా ఇస్తే, అది ఏళ్ల తరబడి ఎండి కుంచించుకుపోయి ఉంటుంది కనుక, వచ్చే కొత్త బీడింగు కూడా అంతే కురచగా వస్తుంది. నమూనాతోపాటు తలుపు అంచున ఉన్న గాడి కొలతలను కూడా తీసి ఇవ్వాలి. తలుపులకూ కిటికీలకూ ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బాగా ఆగుతుంది, కానీ అదే రబ్బరును పెట్రోలు తగిలే చోట వాడితే ఉబ్బి పాడవుతుంది. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో పాత కార్ల ఇంధన గొట్టాలను దానికి తట్టుకునే రకానికి మార్చుకోమని సభ్యులందరికీ తెలియజేయవలసిన బాధ్యత కూడా క్లబ్బుదే. ఏ కారులో ఏ ద్రవం పోయాలన్నది ఇంకా ముఖ్యం. 1970 నుంచి 1975 వరకు 12,920 మాత్రమే తయారైన సిట్రోయెన్ ఎస్ఎంలో బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ అన్నీ ఎల్‌హెచ్ఎం అనే ఆకుపచ్చ ఖనిజ తైలం మీద పనిచేస్తాయి. తెలియని మెకానిక్ అందులో మామూలు బ్రేకు ద్రవం పోస్తే సీళ్లన్నీ చెడిపోతాయి. ఇటువంటి ఒక్క పేజీ కాగితాన్ని లామినేట్ చేయించి ప్రతి సభ్యుడి డిక్కీలో ఉంచేలా చూస్తే, అది ఏడాది పొడవునా జరిపే సమావేశాలకంటే ఎక్కువ కార్లను కాపాడుతుంది.

బ్రేకులు, స్టీరింగుకు సంబంధించిన భాగాలను మాత్రం క్లబ్బు పేరున తయారుచేయించి అమ్మకండి. అవి విఫలమై ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ పనికి అర్హత ఉన్న సంస్థను సభ్యులకు చూపించి ఊరుకోవడం ఉత్తమం.

కంపెనీయే ముందుకొస్తుందన్న ఆశ కొందరికి ఉంటుంది. టొయోటా 2020లో తన 2000జీటీ కారు గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ భాగాలను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. మాజ్డా మొదటి తరం రోడ్‌స్టర్‌కు మడిచే పైకప్పు, టైర్లతో సహా పలు భాగాలను పునరుత్పత్తి చేసింది. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు అయితే 1988 నుంచి అసలు అచ్చులతోనే కొత్త బాడీ షెల్లులు వచ్చాయి. కానీ ఎంజీబీ అయిదు లక్షలకు పైగా తయారైన కారు, 2000జీటీ కంపెనీ ప్రతిష్ఠకు గుర్తు. సంఖ్యాబలమూ పేరుప్రతిష్ఠలూ రెండూ లేని మన కార్ల కోసం ఎవరూ ఫ్యాక్టరీ తలుపులు తెరవరు. అందుచేత కంపెనీని పార్టులు అడగవద్దు, డ్రాయింగులు అడగండి. ఇన్ని కార్లు బతికున్నాయి, ఇంతమంది బయానా కట్టారు, మాకు ఫలానా లైటు కొలతల డ్రాయింగు కావాలి అని రిజిస్టరు లెక్కతో రాసిన ఉత్తరాన్ని, అభిమానంతో నిండిన పది ఉత్తరాలకంటే వారు శ్రద్ధగా చదువుతారు.

నీలి బానెట్

అందరికీ కృతజ్ఞతలు. ఈ కంపెనీ కార్లన్నిటికీ కలిపి ఒక క్లబ్బు ఉండేది గాని, అది పేరుకు మాత్రమే మిగిలింది కనుక మాకు సొంత దారి తప్పేట్టు లేదు. రిజిస్టరు ఇప్పుడే మొదలుపెడుతున్నాం.

రెండు చిక్కులు వచ్చాయి. మాలో ఒకరి దగ్గర ఈ మోడల్ పార్టులు గదుల నిండా ఉన్నాయి. క్లబ్బు తరఫున పార్టుల వ్యవహారం మొత్తం తన పేరు మీదనే తాను చూసుకుంటానని, అధ్యక్ష పదవి కూడా తనకే ఇవ్వాలని ఆయన అంటున్నారు. ఆయన నిజంగా మంచి మనిషి, సాయం చేసే గుణమూ ఉంది. అందువల్లనే కాదనడం కష్టంగా ఉంది. రెండోది, రుసుము అన్న మాట ఎత్తగానే గ్రూపంతా మౌనం వహించింది.

పద్దుల పుస్తకం

వేరొక సంఘంలో కోశాధికారిగా పనిచేస్తున్నాను కనుక మీ రెండు చిక్కులూ నాకు బాగా పరిచయమైనవే.

మొదటిదానికి జవాబు ఆయన గుణగణాలతో ముడిపడినది కాదు. పార్టులు అమ్మే వ్యక్తే క్లబ్బు పార్టుల కొనుగోళ్లను నిర్ణయిస్తే, క్లబ్బు చేయించిన బీడింగు ధర ఎక్కువగా ఉన్నా, చేయించకపోయినా, ఆయన లాభం కోసమేనని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఒకసారి పుట్టాక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆయనను గౌరవ సాంకేతిక సలహాదారుగా పెట్టుకోండి, ఆయన దగ్గరున్న సామాను జాబితాను క్లబ్బు పత్రికలో ఉచితంగా ప్రచురించండి, సభ్యులు నేరుగా ఆయన దగ్గర కొనుక్కోనివ్వండి. క్లబ్బు డబ్బుతో ఏది చేయించాలన్న తీర్మానంలో మాత్రం ఆయన ఓటు వేయకూడదన్న నియమాన్ని, ఆయన పేరెత్తకుండా, అమ్మకాలు సాగించే సభ్యులందరికీ వర్తించేలా నియమావళిలో రాయండి. మంచి మనిషి అయితే ఈ నియమం తన పేరును కూడా కాపాడుతుందని ఆయనకే అర్థమవుతుంది.

రుసుము విషయంలో మౌనం సహజం. దేనికి కట్టాలో తెలియనప్పుడు ఎవరూ కట్టరు. మొదటి ఏడాది రుసుము పెట్టకుండా, స్పానర్ గారు చెప్పిన పార్టు నంబర్ల పట్టికను, ద్రవాల కాగితాన్ని తయారుచేసి అందరికీ పంచండి. రెండో ఏడాది వెబ్‌సైటుకు, ముద్రణకు, తపాలాకు ఇంత అవుతుందని లెక్క చూపించి, దాన్ని సభ్యుల సంఖ్యతో భాగించండి. అచ్చు వంటి పెద్ద పనులకు రుసుము నుంచి పైసా తీయవద్దు. ఏ పనికి ఆ పని చందా వేరుగా వసూలు చేసి, పని జరగకపోతే తిరిగి ఇచ్చేయండి.

బ్యాంకు ఖాతా క్లబ్బు పేరున, ఇద్దరి సంతకాలతో ఉండాలి. దాని కోసమే నమోదు అవసరమవుతుంది. చాలా దేశాల చట్టాల ప్రకారం నమోదు కాని సంఘానికి తనదంటూ చట్టపరమైన అస్తిత్వం ఉండదు. అచ్చు తయారీదారుతో ఒప్పందం మీద సంతకం పెట్టిన వ్యక్తే చివరకు బాకీకి జవాబుదారీ అవుతాడు. 1929లో ఏర్పడిన బుగాటీ ఓనర్స్ క్లబ్ 1937లో ఇంగ్లండ్‌లోని ప్రెస్కాట్ ఎస్టేటును కొని, అక్కడి కొండదారిని పోటీలకు వాడుకోవడం మొదలుపెట్టింది, నేటికీ వాడుతోంది. అటువంటి ఆస్తిని ఒక మనిషి పేరున పెట్టి ఉంటే ఆయన వారసులతోనే క్లబ్బుకు వ్యవహారం నడిచేది. మీకు కొండలు కొనే యోచన లేకపోవచ్చు గాని, అచ్చులూ ఆస్తే, రిజిస్టరూ ఆస్తే. వెబ్‌సైటు పేరు, గ్రూపు అడ్మిన్ హక్కులు, లోగో కూడా ఆస్తులే. క్లబ్బులు విడిపోయిన చోట గొడవ సాధారణంగా డబ్బు దగ్గర మొదలుకాదు, వెబ్‌సైటు పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందన్న దగ్గర మొదలవుతుంది. మొదటి రోజునే వాటిని ఇద్దరు ముగ్గురి చేతుల్లో పెట్టండి. లోగోలో కంపెనీ గుర్తును యథాతథంగా వాడకండి. ట్రేడ్‌మార్క్ యజమానికి ముందుగా ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోవడం, ఆ తరువాత వారి న్యాయవాదుల ఉత్తరం అందుకోవడంకంటే చాలా చవక.

నియమావళి ఒకటి రెండు పేజీలు చాలు. క్లబ్బు దేనికోసం, సభ్యులెవరు, కార్యవర్గం ఎన్నేళ్లకోసారి మారుతుంది, క్లబ్బు మూతపడితే అచ్చులూ రిజిస్టరూ ఎవరికి చెందుతాయి, ఇవి స్పష్టంగా ఉండాలి. ఈ చివరి అంశాన్ని రాయడానికి మొదటి రోజు ఎవరికీ మనసొప్పదు. అయినా రాయండి. వ్యవస్థాపకులు కూడా ఒక కాలపరిమితి తరువాత పదవి దిగాలన్న నియమం నీలి బానెట్ గారికి ఇప్పుడు కఠినంగా కనబడవచ్చు గాని, అన్నీ ఒక్కరే చూసుకునే క్లబ్బు ఆ ఒక్కరు అలసిపోయిన రోజున ఆగిపోతుంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవాలో చేరడం గురించి ఎవరైనా తొందరపెడితే, దానికి సమయం ఉందని చెప్పండి. 1966లో ఏర్పడిన ఆ సంస్థ నిర్వచనం ప్రకారం కారుకు కనీసం 30 ఏళ్లు నిండాలి, అది చారిత్రకంగా సరైన స్థితిలో ఉండాలి, రోజువారీ ప్రయాణ సాధనంగా వాడకూడదు. మీ సభ్యుల్లో రోజూ నడిపేవారు ఉంటే ఆ చర్చ తరువాత పెట్టుకోవచ్చు.

ధర పెరుగుతుందన్న మీ భయం గురించి ఒక మాట. పెరుగుతుంది. రిజిస్టరు, పార్టులు, సాంకేతిక సమాచారం ఉన్న మోడల్‌కు ధర పలకడం సహజం. కానీ బాగుచేయించే ఖర్చుకంటే కారు విలువ తక్కువగా ఉన్నంతకాలం అది తుక్కు వ్యాపారి వైపే నడుస్తుంది. ధర కాస్త పెరిగితేనే షెడ్డులో ఉన్నవి బయటికి వస్తాయి. కొనేవారి వైపు నుంచి చూస్తే ఇది చేదుగా ఉంటుందని నాకు తెలుసు.

పాత షోరూం మనిషి

నేను యజమానిని కాను. ఒకప్పుడు కార్ల షోరూంలో సర్వీసు కౌంటరు దగ్గర పనిచేశాను. ఈ చర్చలో మా వంటివారి ప్రస్తావన రాలేదు కనుక రాస్తున్నాను.

కారు లేనివారిని కూడా అనుబంధ సభ్యులుగా చేర్చుకోండి. కంపెనీ నుంచి వచ్చే సర్వీసు బులెటిన్లు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉండవు. ఫలానా నంబరు తరువాత గేర్ లింకేజీ మార్చాం, ఫలానా నెల నుంచి వైరింగులో ఫ్యూజు చేర్చాం అన్న వివరాలు ఆ బులెటిన్లలోనే వచ్చేవి. షోరూం మూతపడినప్పుడు చాలావరకు చెత్తలోకి వెళ్లాయి, కొన్ని మా వంటివారి అటకల మీదకు చేరాయి. మైక్రోఫిష్ రూపంలో, అంటే పేజీలను బాగా చిన్నవి చేసి ముద్రించిన ఫిల్ము రేకుల మీద ఉన్న పార్ట్స్ క్యాటలాగులదీ అదే గతి. వాటిని స్కాను చేయించండి. అయితే వాటిమీద కంపెనీకి హక్కులు ఉంటాయి కాబట్టి ఎవరికి పడితే వారికి అందుబాటులో పెట్టే ముందు ఆలోచించండి. ఈ పనికి తొందర అవసరం. కాగితం ఆగుతుంది, మనుషులు ఆగరు.

కారు అమ్మేసినవారిని కూడా వదులుకోకండి. చాలామంది సభ్యత్వం కారుతోపాటే పోయిందనుకుని మాయమవుతారు. నిజానికి వారి దగ్గర కారు పూర్వచరిత్ర, పాత బిల్లులు, తరచుగా అమ్మకంలో ఇవ్వడం మరచిపోయిన ఒక పెట్టెడు సామాను ఉంటాయి.

నీలి బానెట్

అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు ధన్యవాదాలు. రిజిస్టరు మొదలుపెట్టిన వెంటనే ఒక విచిత్రం ఎదురైంది. ఇద్దరు యజమానులు పంపిన ఛాసిస్ నంబర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉన్నాయి. ఇద్దరూ ఫొటోలు పంపారు, ఇద్దరి కాగితాలూ సక్రమంగానే కనబడుతున్నాయి. ఒకరికి ఈ సంగతి చెబితే రెండోవారిని దొంగ అన్నట్టవుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

ఛాసిస్ ప్లేటు

రెండు పుటలు తెరవండి, రెండింటిలోనూ అదే నంబరు రాయండి, పక్కన రెండో పుట ఉందని సూచించండి. రిజిస్ట్రారు తీర్పు చెప్పకూడదు. ఏది అసలు, ఏది కాదు అని క్లబ్బు తరఫున ఒక్క మాట కూడా ఎక్కడా రాయవద్దు. ఆ మాటను ఆధారం చేసుకుని ఒక అమ్మకం ఆగిపోతే ఆ వివాదంలోకి మిమ్మల్నీ లాగుతారు.

తరువాత ఇద్దరికీ విడివిడిగా, ఒకే పదాలతో, మీ నంబరును మరోసారి సరిచూడవలసి వచ్చిందని, ప్లేటు మీద కాకుండా బాడీ మీద పొడిచిన నంబరును, ఇంజిన్ నంబరును, గేర్‌బాక్స్ నంబరును ఫొటో తీసి పంపమని రాయండి. ప్లేటు రివెట్ల ఫొటో కూడా అడగండి. పాత కార్లలో ఇలా జరగడానికి దొంగతనం ఒక్కటే కారణం కానవసరం లేదు. ప్రమాదంలో పాడైన కారు ప్లేటును మరో బాడీకి బిగించి ఉండవచ్చు, విప్పేసిన ఒక కారు నుంచి రెండు కార్లు పుట్టి ఉండవచ్చు, ఫ్యాక్టరీలోనే పొడిచేటప్పుడు అంకె తప్పి ఉండవచ్చు. షోరూం మనిషి గారి బులెటిన్లలో ఏ నంబరు దగ్గర ఏ మార్పు జరిగిందో ఉంటుంది కనుక, రెండు కార్లలో ఏది ఆ మార్పుకు సరిపోతుందో మీకు మీరే చూసుకోవచ్చు.

ఫొటోలు వచ్చాక కూడా తేలకపోతే, రెండో పుట ఉందన్న సంగతిని ఇద్దరికీ ఒకే రోజున తెలియజేయండి. అవతలివారి పేరు మాత్రం వారి అనుమతి లేకుండా ఇవ్వకండి.